అక్క కూతురు మొదటిసారి బడికి వెళ్తోంది, కార్డులో ఏం రాయను?

చిన్నపిన్ని:
మా అక్క కూతురికి ఐదేళ్లు. ఇంకో పదిహేను రోజుల్లో మొదటిసారి బడికి వెళ్తోంది. నేనేమో చాలా దూరంలో ఉంటాను, ఆ రోజుకి వెళ్లే వీలు లేదు, వీడియో కాల్ చేద్దామంటే ఆ పొద్దున ఆ ఇంట్లో ఫోన్ ఎత్తే తీరిక ఎవరికీ ఉండదని నాకు ముందే తెలుసు. అందుకని పోస్టులో ఒక గ్రీటింగ్ కార్డు పంపుదామనుకున్నా, కవరు మీద వాళ్ల నాన్న పేరు కాకుండా దాని పేరే పెద్దగా రాసి. దానికి ఇంతవరకు ఒక్క ఉత్తరం కూడా రాలేదు మరి.

కొనే కార్డులు కొన్ని చూశాను. ఒకదాని మీద కళ్లజోడు పెట్టుకున్న గుడ్లగూబ, లోపల ఇంగ్లీషులో నాలుగు లైన్ల పద్యం. తెలుగులో ఉన్నవాటిలో ఒకటి తెరిస్తే ఏదో కాలేజీ వార్షికోత్సవానికి వచ్చినట్టు అనిపించింది. సరే నేనే రాద్దాంలే అని కూర్చుంటే నా చేతి నుంచి వచ్చింది ఇది:

"చిట్టితల్లికి, బడిలో చేరుతున్న శుభసందర్భంగా హృదయపూర్వక శుభాకాంక్షలు. బాగా చదువుకుని అందరిలోకీ ఫస్ట్ రావాలి. టీచర్ చెప్పిన మాట వినాలి. అమ్మ కోసం ఏడవకూడదు. నువ్విప్పుడు పెద్దపిల్లవి. ప్రేమతో, పిన్ని."

రాశాక చదువుకుంటే నాకే భయమేసింది, హెడ్మాస్టరు పంపిన నోటీసులా ఉంది. సరదాగా ఉండాలి, అది నవ్వాలి, కానీ పిచ్చి జోకుల్లా ఉండకూడదు. మీలో ఎవరైనా పంపి ఉంటే ఏం రాశారో చెప్పండి. ముందురోజు అందాలా, అదే రోజు అందాలా అన్నది కూడా తేల్చుకోలేకపోతున్నా.

ఊరికే చదువుతా:
చదవడమే రాని పిల్లకి కార్డేంటండీ? పొద్దున్నే ఒక వాయిస్ మెసేజ్ పెట్టేయండి, మీ గొంతు వింటుంది, పని అయిపోతుంది. కార్డు అంటే చివరికి మీ అక్క చదువుకుని మురిసిపోవడానికే.

చాక్‌పీసు:
పై ఆయనతో నేను ఒప్పుకోను. పన్నెండేళ్లుగా ఒకటో తరగతి పిల్లలతోనే ఉన్నాను కాబట్టి కొంచెం పొడుగ్గా చెప్తా, ఓపిగ్గా చదవండి.

చదవడం రాకపోయినా ఐదేళ్ల పిల్లల్లో చాలామందికి తమ పేరు ఎలా ఉంటుందో తెలుసు. అక్షరాలు విడివిడిగా తెలియకపోయినా ఆ ఆకారం మొత్తాన్ని ఒక బొమ్మలా గుర్తుపడతారు. కవరు మీద పేరు చూసి "ఇది నాదే" అనడమే ఆ పిల్ల చేసే మొదటి చదువు అనుకోండి. వాయిస్ మెసేజ్ అమ్మ ఫోన్‌లో ఉంటుంది, అడిగినప్పుడల్లా అమ్మ ఇవ్వాలి. కార్డు దాని చేతిలో ఉంటుంది, దిండు కింద పెట్టుకుంటుంది, తలకిందులుగా పట్టుకుని నాలుగుసార్లు తమ్ముడికి చదివి వినిపిస్తుంది. అందులో లేనివి కూడా చదువుతుంది, అది వేరే సంగతి.

ఇక మీరు రాసింది. చిన్నపిన్ని గారూ, కోపం తెచ్చుకోకండి, అందులో ఒక్క ముక్క కూడా ఆ పిల్లకి కాదు. "శుభాకాంక్షలు" అన్న మాట ఐదేళ్ల పిల్లకి చెప్పి చూడండి. మా తరగతిలో ఒకడు వాళ్ల మామయ్య పంపిన కార్డు తెచ్చి చూపించాడు. నేను పైకి చదివాను. వాడు శ్రద్ధగా అంతా విని, "శుభ ఎవరు?" అని అడిగాడు.

"ఫస్ట్ రావాలి" అంటే పరుగుపందెం అనుకుంటారు. నిజంగానే, మొదటి రోజు గేటు తీయగానే అందరినీ తోసుకుని వచ్చి "నేనే ఫస్ట్" అన్న పిల్లని చూశాను నేను. "పెద్దపిల్లవి" అన్నది మనకి పొగడ్త, వాళ్లకి మాత్రం ఇక ఎత్తుకోరేమో అన్న బెంగ.

అన్నిటికన్నా ముందు తీసేయాల్సింది "ఏడవకూడదు". ఆ పిల్లకి బడిలో ఏడవాల్సిన పని ఏదో ఉందని ముందే మీరే చెప్పినట్టవుతుంది. ఇంట్లో ఏడవొద్దని గట్టిగా చెప్పించుకుని వచ్చిన పిల్లలు గేటు దగ్గర బింకంగానే నిలబడతారు. పదిన్నరకి నీళ్ల సీసా మూత రాక అక్కడ మొదలుపెడతారు. మూత తీసి ఇచ్చినా ఆగదు, ఎందుకంటే ఆ ఏడుపు మూత గురించి కాదు కదా.

మరి ఏం రాయాలీ అంటే, ఆ పిల్ల చేతికి అందే వస్తువు ఒకటి పట్టుకోండి. సంచీ, చెప్పులు, జడకి కట్టే రిబ్బను, ఏదో ఒకటి. దాని గురించి రెండు వాక్యాలు చాలు. మొత్తం నాలుగు వాక్యాలు దాటితే చదివి వినిపించే వాళ్లమ్మకే ఊపిరి ఆడదు ఆ హడావిడిలో.

ఇంకో మాట. గుణింతం, వత్తు లేని మాట ఒకటి పెద్ద అక్షరాలతో రాసి పక్కన దాని బొమ్మ వేయండి. ఉడత, పడవ, జడ, ఈల లాంటివి. ఇప్పుడు బొమ్మ చూసి చెప్తుంది. కొన్నాళ్లకి అక్షరాలు వచ్చాక అదే కార్డు మళ్లీ తీసి తనంతట తనే చదువుతుంది. కార్డు ఒకటే, రెండుసార్లు పనికొస్తుంది.

నిద్రలేని నాన్న:
తెరవగానే పాట వచ్చే కార్డు మాత్రం వద్దు. మావాడికి మా చిన్నాన్న అలాంటిది పంపాడు, ఎంతో ప్రేమగానే. మొదటి రోజు నలభైసార్లు తెరిచాడు, సరే. రెండో రోజుకి లోపల ఏముందో చూడాలని కాగితం చింపాడు. సాయంత్రం మంచం కింద ఊడుస్తుంటే చీపురుకి తగిలింది, శనగబద్ద అంత మెరిసే బిళ్ల. బటన్ సెల్. దానికి జత ఇంకోటి ఉండాలి అని నాకు వెంటనే తట్టింది, ఆ జత కనిపించలేదు. చెల్లెలు పాకే వయసు. ఆ పావుగంట నేను మా ఆవిడ మొహం వైపు చూడలేదు. చివరికి కార్డులోనే ఒక మూల అతుక్కుని ఉంది.

తర్వాత డాక్టరు చెప్పింది ఏంటంటే, అది మింగి గొంతులో ఇరుక్కుంటే ఊరుకోదు, ఉమ్ము తడికి కరెంటు పుట్టి అన్నవాహిక లోపల కాలిపోతుంది, రెండు గంటల్లోనే పెద్ద గాయం కావచ్చు. మింగారేమో అన్న అనుమానం ఉన్నా లక్షణాల కోసం ఆగకుండా నేరుగా ఆసుపత్రికి పరిగెత్తాలట, వాంతి చేయించే ప్రయత్నం అసలు చేయకూడదట. బొమ్మల్లో సెల్ పెట్టే చోట స్క్రూ బిగించిన మూత ఉంటుంది. మాకొచ్చిన కార్డులో ఉన్నది కాస్త జిగురు, ఒక కాగితం పొర, అంతే. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఇది నవ్వులాట కాదు.

భయపెట్టాను, సారీ. మామూలు కాగితం కార్డు హాయిగా పంపండి.

చిన్నపిన్ని:
అమ్మో. నేను నిజంగానే పాట వచ్చేదాని గురించి ఆలోచిస్తున్నా, దాని తమ్ముడికి ఇంకా రెండేళ్లు నిండలేదు. ఆ ఆలోచన ఇక్కడితో సరి. థాంక్సండీ.

చాక్‌పీసు గారూ, కోపమా? "శుభ ఎవరు?" దగ్గర ఆఫీసులో పైకే నవ్వేశాను. అయితే ఇక నేనే చేస్తా కార్డు. బొమ్మలు వేయడం నాకు పెద్దగా రాదు, అది ముందే ఒప్పుకుంటున్నా.

కత్తెర కాగితం:
చేత్తో చేస్తానంటే నేను వచ్చేశా :) ఇరవై ముప్పై చేసుంటాను ఇప్పటికి, సగం పాడు చేశాను, ఆ పాడు చేసినవాటి నుంచి నేర్చుకున్నవి చెప్తా.

కాగితం దగ్గరే చాలామంది తప్పు చేస్తారు. ప్రింటర్లో వాడే మామూలు కాగితం 80 జీఎస్ఎం ఉంటుంది (చదరపు మీటరుకి ఎన్ని గ్రాములు అన్న లెక్క), దాంతో కార్డు చేస్తే నిలబెట్టగానే వంగి పడిపోతుంది. 250 చుట్టుపక్కల ఉన్నది తీసుకోండి. ఏ4 షీటుని సగానికి కోసి ఆ సగాన్ని మధ్యకి మడిస్తే 105 × 148 మిల్లీమీటర్ల కార్డు వస్తుంది. దానికి సీ6 అనే కవరు సరిగ్గా సరిపోతుంది, 114 × 162. చదరపు కార్డు ముద్దుగానే ఉంటుంది గానీ పోస్టులో కవర్లు వేరుచేసే మెషీన్లకి పొడుగు కవరే అలవాటు, కొన్ని దేశాల్లో చదరపు కవరుకి ఎక్కువ స్టాంపులు అడుగుతారు.

మందపాటి కాగితాన్ని ఊరికే మడిస్తే మడత దగ్గర పగిలినట్టవుతుంది. ముందు స్కేలు పెట్టి, ఇంకు అయిపోయిన బాల్ పెన్నుతో గట్టిగా ఒక గీత గీయండి, అప్పుడు మడవండి. ఇంకా బాగా రావాలంటే కాగితాన్ని రెండువైపులా కొంచెం వంచి చూడండి, ఒక వైపు సులువుగా వంగుతుంది, ఇంకో వైపు మొండికేస్తుంది. సులువుగా వంగిన వైపే మడత రావాలి. కాగితంలో నార పోయే దిశ అది.

మెరుపుల పొడి చల్లొద్దు. చల్లితే మీ అక్క మీతో ఆరు నెలలు మాట్లాడదు, దాన్ని ఊడ్చేది ఆవిడే కదా. చిన్నవాడు ఉన్నాడంటున్నారు కాబట్టి పూసలు, గుండీలు, ఊడొచ్చే కళ్లు కూడా అతికించకండి. కవరు మీద అడ్రసు స్కెచ్ పెన్నుతో రాయొద్దు, ఒక్క వాన చుక్క పడితే ఊరి పేరు ఊరంతా పాకుతుంది. బాల్ పెన్నుతో రాయండి. పిల్ల పేరు కావాలంటే క్రేయాన్‌తో రాయండి, మైనం కదా, తడికి కరగదు.

బొమ్మ రాదన్నారు. ఏదైనా జంతువుకి వీపున సంచీ తగిలించండి, పని అయిపోయినట్టే. ఉడతకి సంచీ తగిలించారనుకోండి, ఉడత సరిగ్గా రాకపోయినా ఎవరూ అడగరు.

రెండుజడలు:
ఎప్పుడు అందాలి అన్నదానికి ఎవరూ జవాబు చెప్పలేదు, నేను చెప్తా. అదే రోజు పొద్దున మాత్రం వద్దే వద్దు. మా పెద్దది బడికి వెళ్లిన మొదటి రోజు ఎలా గడిచిందంటే, సాక్స్ ఒకటే దొరికింది, ఆటో వచ్చి హారన్ కొడుతోంది, ఆయన కెమెరా పట్టుకుని "ఇటు చూడమ్మా ఇటు చూడు" అంటున్నారు, అది ఇటు తప్ప అన్ని వైపులా చూస్తోంది. ఆ మధ్యలో కార్డు వచ్చి ఉంటే నేను దాన్ని ఫ్రిజ్ మీద పడేసి ఉండేదాన్ని.

ముందురోజు రాత్రి పడుకునే ముందు చదవాలి. అంటే మూడు నాలుగు రోజులు ముందే చేరేలా పోస్టు చేసి, మీ అక్కకి చెప్పి దాచిపెట్టించండి. కవరు మాత్రం పిల్ల చేతే చింపించండి, ముందే తెరిచి చూసి మళ్లీ అతికించొద్దని అక్కకి గట్టిగా చెప్పండి, అక్కలు అలాంటివి చేస్తారు.

ఇంకొకటి, రెండోవాడి సంగతి. అక్కకి కార్డు వచ్చి తనకి రాకపోతే వాడు ఊరుకుంటాడనుకుంటున్నారా? మా ఇంట్లో ఈ గొడవలో కార్డు రెండు ముక్కలైంది. వాడికి కూడా ఒక చిన్న కాగితం ముక్క, ఏ పిచ్చి గీతలైనా పర్లేదు, అదే కవర్లో పెట్టేయండి.

చాక్‌పీసు:
రెండుజడలు గారు చెప్పింది కరెక్టే, ముందురోజు రాత్రే మేలు. కానీ నన్నడిగితే అసలు కార్డు అందాల్సింది మూడో రోజు.

మొదటి రోజు అంతా కొత్త. కొత్త సంచీ, కొత్త బట్టలు, ఫొటోలు, ఇంట్లో అందరూ తన చుట్టూనే. సగంమంది పిల్లలు నవ్వుతూనే వస్తారు. రెండో రోజు కూడా ఆ ఊపులో గడిచిపోతుంది. మూడో రోజు పొద్దున మెలకువ వచ్చాక వాళ్లకి అర్థమవుతుంది ఇది ఒకరోజు పండగ కాదని, రోజూ వెళ్లాలని. "నిన్న వెళ్లాగా, ఇవాళ కూడానా?" అని అడుగుతారు. మాకు అసలు ఏడుపులు ఆ రోజే ఎక్కువ, గేటు దగ్గర చొక్కాలు పట్టుకుని వేలాడేది ఆ రోజే. అప్పటికి ఇంట్లో వాళ్లకి హుషారు తగ్గిపోయి ఉంటుంది, కెమెరాలు లోపల పెట్టేసి ఉంటారు.

కాబట్టి ఓపిక ఉంటే రెండు పంపండి. ఒకటి ముందురోజుకి, రెండోది మూడో రోజుకి. రెండోది పెద్దగా ఉండక్కర్లేదు, వెనక బొమ్మ, ముందు ఒక వాక్యం, అంతే.

ఊరికే చదువుతా:
వాయిస్ మెసేజ్ అన్నందుకు ఇంత చదవాల్సి వచ్చింది నాకు. సరే, ఓడిపోయాను. మా అన్నయ్య కొడుకు కూడా ఈ ఏడే వెళ్తున్నాడు. కాగితం 250 అన్నారు కదా, 300 అయితే మరీ మందమా?

కత్తెర కాగితం:
ఊరికే చదువుతా గారూ, 300 కూడా బానే ఉంటుంది, గీత గీయకుండా మడిచారంటే మాత్రం నేను పూచీ కాదు. ఇంట్లో ప్రింటర్‌లో పెట్టకండి, ఇరుక్కుంటుంది.

చిన్నపిన్ని:
రాత్రి కూర్చుని రాశాను. అక్కని అడిగితే సంచీ ఎర్రటిదట, మూడు జేబులట, మొన్నటి నుంచి అది ఆ సంచీ తగిలించుకునే అన్నానికి కూర్చుంటోందట. చూడండి:

బయట: సంచీ తగిలించుకున్న ఉడత, కింద పెద్ద అక్షరాలతో "ఉడత".

లోపల: "చిన్నీ, నీ ఎర్ర సంచీకి మూడు జేబులున్నాయని ఉడత చెప్పింది. ఒక జేబు నీ పెన్సిలుకి, ఒకటి రబ్బరుకి. మూడోది నాకిస్తావా? బడిలో నీ పక్కన ఎవరు కూర్చున్నారో బొమ్మ వేసి పంపు. పిన్ని."

తమ్ముడికి సంచీ లేని ఉడత. వాడు ఎలాగూ నోట్లో పెట్టుకుంటాడు.

ఇందులో ఇంకా నోటీసు వాసన ఏమైనా ఉందా?

చాక్‌పీసు:
లేదు, చాలా బావుంది. ఒక్క చిన్న మాట. "బొమ్మ వేసి పంపు" అన్నారు కదా, కార్డుతోపాటు ఒక ఖాళీ కార్డు మీ అడ్రసు రాసి, అవసరమైతే స్టాంపు కూడా అంటించి అందులోనే పెట్టండి. లేదంటే ఆ బొమ్మ ఏ నోటు పుస్తకం వెనకో మిగిలిపోతుంది, మీకు రాదు. "పక్కన ఎవరు కూర్చున్నారు" అన్న ప్రశ్న బాగా పట్టారు. "బడిలో ఏం చేశావ్" అని అడిగితే పిల్లలు "ఏం లేదు" అంటారు. ఎవరైనా అంతే.

రెండుజడలు:
మూడోది నాకిస్తావా దగ్గర నాకే ఎందుకో కళ్లు చెమర్చాయి, నేను అసలే మెత్తటి మనిషిని. పంపించాక ఏమైందో ఇక్కడ చెప్పడం మర్చిపోకండి. చాలామంది సలహాలు తీసుకుని మాయమైపోతారు.

చిన్నపిన్ని:
మాయం కాలేదు, ఇదిగో వచ్చా. మూడు వారాలైంది.

కార్డు నాలుగు రోజులు ముందే చేరింది. అక్క తెరవలేదని ఒట్టేసి చెప్తోంది గానీ, లోపల ఉడత ఉందని నాకు ఫోన్లో తనే ముందు చెప్పింది, కాబట్టి మీరే అర్థం చేసుకోండి. ముందురోజు రాత్రి దాని చేతికిస్తే కవరు మీద వేలు పెట్టి ఒక్కో అక్షరం మీదుగా జరుపుతూ "ఇది నా పేరు, ఇది కూడా నా పేరే" అందట. ఆ రెండోది ఇంటి నంబరు. బొమ్మ చూసి పిల్లి అంది. ఉడత అని అక్క చెప్తే ఒప్పుకోలేదు, పిన్ని పిల్లినే వేసింది అని వాదించిందట. చాక్‌పీసు గారూ, అక్షరాలు నేర్చుకున్నాక నాకు గట్టి చీవాట్లు ఉన్నాయి.

మొదటి రోజు నవ్వుతూ వెళ్లింది, నవ్వుతూ వచ్చింది. మూడో రోజు పొద్దున, మీరన్నట్టే, మంచం దిగనంది. రెండో కార్డు అప్పటికి చేరలేదు, పోస్టు ఆలస్యం, ఐదో రోజుకి వచ్చింది. మరి మూడో రోజు ఎలా వెళ్లిందని అడిగితే, అక్క సంచీ తెచ్చి మూడో జేబు జిప్ తీసి "పిన్ని లోపలే ఉందిగా, పిన్నిని దింపి రావాలిగా బడికి" అందట. అది కాసేపు ఆలోచించి, లేచి, జిప్ వేసి, మళ్లీ కొంచెం తెరిచిందట, నాకు గాలి ఆడాలని.

నిన్న ఖాళీ కార్డు తిరిగొచ్చింది. అందులో రెండు గుండ్రాలు, వాటికి నాలుగు కాళ్లు, ఒకదానికి జడ. పక్కన కూర్చున్న పిల్ల పేరు అడిగితే తెలీదట. "కానీ దానికి కూడా ఎర్ర సంచీయే పిన్నీ" అంది.